పాదానికి మాత్రమే తెలిసే పనితనం

తెనాలి పనితనం అనగానే ఇప్పుడు చాలామందికి గుర్తొచ్చేవి ఇనుప విగ్రహాలు. సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర పాత మోటారు బండ్ల నట్లు, బోల్టులు, గేరు చక్రాలు, గొలుసులు ఏరి తెచ్చి నిలువెత్తు మనుషుల్ని నిలబెడతారు. 2021లో వాళ్లు తుక్కు ఇనుముతో చేసిన ప్రధానమంత్రి విగ్రహం ఎత్తు 14 అడుగులు. ఆ పని గొప్పది, కంటికెదురుగా నిలుస్తుంది. నేను రాయబోయేది ఆ ఊరి చుట్టుపక్కల, అదే ఇనుప సామాను ఇంకా బండిలో ఉండగా జరిగే మరో పని గురించి. దాన్ని చూడటానికి ఎవరూ రారు. పూర్తయ్యాక చూపించడానికి ఏమీ మిగలదు. కుదిరిందో లేదో తేల్చి చెప్పేది పెడల్ మీద పెట్టిన పాదం ఒక్కటే.

బ్రేకు గొట్టాల్లో, క్లచ్ గొట్టంలో చేరిన గాలిని తరిమేసి, అరిగిన రబ్బర్లు మార్చి, మళ్లీ నిండుగా బ్రేక్ ఆయిల్ పట్టించే పని ఇది. షెడ్డుల్లో 'ఎయిర్ తీయడం' అంటారు, 'బ్లీడింగ్' అనీ అంటారు. ఆటో నడిపేవాళ్ల దగ్గర్నుంచి రొయ్యల మేత తోలే వ్యానుల దాకా అందరికీ ఏదో ఒక రోజు అవసరపడేదే. రేపల్లెలో ఈ పనిని తన ఇంటి వాకిట్లోనే చేసుకునే ఒక పెద్దాయన ఉన్నాడు. చాలా ఏళ్లు టాక్సీ తోలాడు, ఇప్పుడు సొంతానికి ఒక పాత టాటా సుమో ఉంచుకున్నాడు. పేరు రాయొద్దన్నాడు కాబట్టి పెద్దాయన అనే అంటాను. ఆయన చేతులు కదిలే తీరు చూశాక ఈ పని గురించి నలుగురికీ చెప్పాలనిపించింది.

ముందు ఆ గొట్టాల్లో ఏం జరుగుతుందో చూద్దాం. పెడల్ తొక్కితే ఒక కడ్డీ వెళ్లి మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్‌ని నెడుతుంది. పిస్టన్ ముందున్న ఆయిల్‌కి తప్పుకునే దారి లేదు. చిటికెన వేలి మందం కూడా లేని ఇనుప పైపుల్లోంచి ఆ ఒత్తిడి చక్రాల దాకా వెళ్తుంది. మూతపడిన ద్రవం మీద ఒకచోట పెట్టిన ఒత్తిడి అన్ని వైపులకీ సమానంగా పాకుతుందని 17వ శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రవేత్త పాస్కల్ చెప్పిన సూత్రమే ఇక్కడ పనిచేసేది. ఒక లెక్క వేసి చూడండి. మనం 20 కిలోల బలంతో తొక్కామనుకుందాం. పెడల్ లీవరు దాన్ని 5 రెట్లు చేస్తే పిస్టన్ మీద పడేది 100 కిలోలు. ఆ పిస్టన్ అడ్డుకొలత 20 మిల్లీమీటర్లయితే చదరపు సెంటీమీటరుకి దాదాపు 32 కిలోల ఒత్తిడి పుడుతుంది. ముందు చక్రం దగ్గర డిస్కుని పట్టే కాలిపర్ పిస్టన్ 48 మిల్లీమీటర్లదైతే అదే ఒత్తిడి అక్కడ 570 కిలోలకు పైబడిన బలమవుతుంది. పాదం బలాన్ని వాక్యూమ్‌తో పెంచే బూస్టరు సాయాన్ని ఇంకా లెక్కలోకి తీసుకోలేదు. మనిషి పాదం అంత బరువైన బండిని ఆపగలగడం వెనక ఉన్నది ఈ చిన్న గుణకారమే.

ఇప్పుడు ఆ గొట్టంలోకి ఒక్క ఘన సెంటీమీటరు గాలి వచ్చి చేరిందనుకోండి. ఆయిల్ నలగదు, గాలి నలుగుతుంది. 32 కిలోల ఒత్తిడిలో అది ముప్పయ్యో వంతు కంటే చిన్నదైపోతుంది. అంటే మన కాలు నెట్టిన ఆయిల్‌లో దాదాపు ఒక ఘన సెంటీమీటరు ఆ గాలిని నలపడానికే ఖర్చయిపోయింది. అదే 20 మిల్లీమీటర్ల పిస్టన్ 3 మిల్లీమీటర్ల పైచిలుకు వృథాగా జరిగింది. పెడల్ దగ్గర అది 15 మిల్లీమీటర్ల పైచిలుకు. ఒక్క బుడగకి పెడల్ వేలెడు మందం కిందికి దిగిందన్నమాట. అలాంటివి నాలుగు చేరితే పెడల్ నేలకి తగిలినా బండి ఆగదు. ఇల్లు కట్టే మేస్త్రీలు నీళ్ల గొట్టంతో మట్టం చూసేటప్పుడు లోపల ఒక్క బుడగ కనిపించినా గొట్టాన్ని తట్టి తట్టి దాన్ని పైకి పంపేదాకా గీత గీయరు. బ్రేకు పనిలోనూ అదే పట్టుదల కావాలి. కాకపోతే ఇక్కడ గొట్టం ఇనుపది, బుడగ కంటికి కనపడదు.

తెనాలి, రేపల్లె, బాపట్ల ఆర్టీసీ డిపోల్లో బస్సులకి ఉండేవి గాలి బ్రేకులు. అక్కడ గాలే పనిచేస్తుంది, ఎప్పటికప్పుడు కంప్రెసర్ కొత్త గాలి నింపుతూనే ఉంటుంది. చిన్న బండ్లలో కథ తిరగబడుతుంది. అమెరికాలో మాల్కమ్ లాక్‌హీడ్ 1910లలో ద్రవం బ్రేకుకి ఒక రూపం ఇచ్చాడు. 1921లో వచ్చిన డ్యూసెన్‌బర్గ్ కారుకి నాలుగు చక్రాలకీ అవే బ్రేకులు. మన వైపు ఈ సామాను పేరు చెబితే షాపువాళ్ల నోట ముందు వచ్చేది గర్లింగ్. 1962లో మద్రాసులో మొదలైన బ్రేక్స్ ఇండియా ఆ బ్రిటిష్ సాంకేతికతని ఇక్కడికి తెచ్చింది. ఇప్పుడు మూడు చక్రాల బజాజ్ ఆటోకి కూడా బ్రేకులు ద్రవంతోనే పనిచేస్తాయి. క్లచ్ విషయానికొస్తే మారుతి 800 లాంటి వాటికి కేబులు ఉండేది. సుమో, స్కార్పియో, ఇన్నోవా లాంటి బరువైన బండ్లకి క్లచ్ కూడా ద్రవంతోనే నడుస్తుంది.

పెద్దాయన పనిలో మొదటి గొప్పతనం స్పానర్ పట్టకముందే కనిపిస్తుంది. రోగం ఏమిటో పాదంతో తేల్చుకుంటాడు. ఇంజన్ ఆపి, బూస్టరులో మిగిలిన వాక్యూమ్ ఖాళీ అయ్యేదాకా పెడల్‌ని కొన్నిసార్లు తొక్కి వదులుతాడు. తర్వాత నెమ్మదిగా, కళ్లు మూసుకుని తొక్కుతాడు. పెడల్ మెత్తగా, అడుగున స్ప్రింగు ఉన్నట్టు ఊగితే లోపల గాలి ఉంది. మొదటిసారి కిందికి పోయి, వెంటనే రెండోసారి తొక్కితే పైనే గట్టిగా నిలబడితే అది చాలావరకు గాలి తప్పు కాదు, వెనక డ్రమ్ముల్లో షూలు అరిగి దూరమయ్యాయి, అడ్జస్టు చేయాలి. గట్టిగానే ఉండి, పాదం అలాగే నొక్కి ఉంచితే మెల్లమెల్లగా దిగిపోతూ ఉంటే ఎక్కడో కారుతోంది. బయట తడి కనిపించకపోతే మాస్టర్ సిలిండర్ లోపలే రబ్బరు కప్పు దాటి ఆయిల్ వెనక్కి జారుతోంది. ఈ మూడూ తేల్చకుండా నేరుగా గాలి తీయడానికి కూర్చునేవాళ్లు ఆయిల్ డబ్బాలు ఖాళీ చేస్తూనే ఉంటారు, పెడల్ మారదు. ఆయన ఈ పరీక్షకి తీసుకునే సమయం చూస్తే మొదట విసుగు పుడుతుంది. మిగతా పనంతా ఎంత సూటిగా సాగుతుందో చూశాక ఆ సమయం ఎంత విలువైనదో తెలుస్తుంది.

బండిని లేపడం దగ్గర డెల్టా నేల ఒక ఇబ్బంది పెడుతుంది. ఇక్కడిది నల్ల రేగడి. వాన వెలిశాక జాకీ పెట్టి ఎత్తితే బండి లేవడానికి బదులు జాకీ భూమిలోకి దిగుతుంది. ఆయన దగ్గర ఎండిన తాటిమొద్దు నుంచి కోయించిన వెడల్పాటి పలకలు ఉన్నాయి. జాకీ కింద ఒకటి, స్టాండ్ల కింద ఒక్కొక్కటి. నేల మీద ఉన్న చక్రాలకి ముందూ వెనకా రాళ్లు. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని బండి కిందికి తల పెట్టడు, ఇంకెవరినీ పెట్టనివ్వడు. ఈ ఒక్క విషయంలో ఆయన గొంతు లేస్తుంది.

తర్వాత నిపుళ్లు. ప్రతి చక్రం వెనకా, క్లచ్‌ని విడదీసే స్లేవ్ సిలిండర్ మీదా ఒక చిన్న బ్లీడర్ నిపుల్ ఉంటుంది. దాన్ని కాస్త వదులు చేస్తే ఆయిల్, గాలి బయటికొస్తాయి. బురదలో, ఉప్పుగాలిలో తిరిగిన బండికి అది తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంటుంది. తొందరపడితే మెడ దగ్గర పుటుక్కున విరుగుతుంది, ఆ తర్వాత వీల్ సిలిండరో కాలిపరో మార్చాల్సిందే. ఆయన ముందురోజు సాయంత్రమే ప్రతి నిపుల్ చుట్టూ తుప్పు వదిలించే నూనె రెండేసి చుక్కలు వేసి ఉంచుతాడు. పొద్దున్న వైరు బ్రష్షుతో మట్టి రాల్చి, నిపుల్ నడినెత్తి మీద చిన్న సుత్తితో మెల్లగా తడతాడు. విప్పేముందు ఒక వెంట్రుకవాసి బిగించే వైపు తిప్పి చూస్తాడు. తుప్పు పొర అక్కడ చిట్లుతుంది, ఆ తర్వాతే విప్పే వైపు. వాడేది రింగు స్పానరే. ఓపెన్ స్పానరు వాడితే మూలలు అరిగి నిపుల్ గుండ్రమైపోతుంది. ఇదంతా చూస్తే పని మొదలవలేదనిపిస్తుంది గానీ నా లెక్కలో సగం పని అప్పటికే అయిపోయింది.

ఆయిల్ కొత్త డబ్బాదే. దీని గురించి ఆయనకి గట్టి అభిప్రాయాలున్నాయి, అవన్నీ సరైనవే. మన బండ్లలో ఎక్కువగా పోసే డాట్ 3, డాట్ 4 రకాలు గ్లైకాల్ జాతివి, గాలిలోని తేమని పీల్చుకుంటాయి. ఇది లోపం కాదు, తెలిసి ఎంచుకున్న గుణం. లోపలికి ఎలాగూ వచ్చే తేమని ఆయిల్ తనలో కలుపుకోకపోతే నీరు అడుగున ఒకచోట చేరి తుప్పు పట్టిస్తుంది, వేడికి ముందుగా మరుగుతుంది. కాకపోతే తేమ పెరిగేకొద్దీ ఆయిల్ మరిగే వేడి తగ్గుతుంది. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. అందులో 3.7 శాతం నీరు చేరాక పరీక్షిస్తే 140 డిగ్రీల దాకా నిలబడితే చాలు. డాట్ 4కి ఆ అంకెలు 230, 155. రేపల్లె లాంటి ఊళ్లో ఏడాదిలో ఎక్కువ నెలలు గాలే తడిగా ఉంటుంది. మూత తీసి అరలో పెట్టిన సగం డబ్బా కొన్నాళ్లకి పాత ఆయిల్‌తో సమానం. అందుకే చిన్న డబ్బాలు కొని, మిగిలింది మళ్లీ బ్రేకుల్లో పోయడు. బండి రంగు మీద చుక్క పడితే వెంటనే నీళ్లు పోసి కడుగుతాడు, లేకపోతే అది పెయింటు తినేస్తుంది. సిలికోన్‌తో చేసే డాట్ 5ని వీటితో కలపకూడదు. డబ్బా మీద అంకె ఒక్కటే చూసి పెద్దది మంచిదనుకుని తెచ్చేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

గాలి తీసే పని ఇద్దరిది. పెడల్ మీద కూర్చునేది పక్కింటి కుర్రాడు, ఆయన్ని బాబాయ్ అని పిలుస్తాడు. పెద్దాయన బండి కింద, ఎడమ వెనక చక్రం దగ్గర. మన బండ్లలో మాస్టర్ సిలిండర్ కుడివైపు కాబట్టి దానికి అన్నిటికన్నా దూరం ఆ చక్రమే. తర్వాత కుడి వెనక, తర్వాత ఎడమ ముందు, చివరగా కుడి ముందు. నిపుల్‌కి పారదర్శకమైన సన్న గొట్టం తొడిగి, రెండో కొస గాజు సీసాలో ముందే పోసిన కొత్త ఆయిల్‌లో మునిగేలా పెడతాడు. గొట్టం నిపుల్ నుంచి ముందు పైకి లేచి ఆ తర్వాతే సీసాలోకి వంగాలి. అలా ఉంటే పైకి తేలిన బుడగ మళ్లీ నిపుల్ వైపు జారదు.

"తొక్కరా."

"తొక్కా బాబాయ్."

"పట్టు."

"పట్టా."

స్పానర్ పావు మలుపు. గొట్టంలోకి నల్లటి ఆయిల్, దాంతోపాటు బుడగల వరస. పెడల్ కిందికి దిగుతున్నట్టు కుర్రాడికి తెలుస్తుంది, కానీ పాదం తీయడు. స్పానర్ మళ్లీ మూతపడుతుంది.

"వదులు."

"వదిలా."

ఇంతే. ఈ మాటలే వాకిట్లో గంటకి పైగా వినిపిస్తాయి. నిపుల్ తెరిచి ఉండగా పాదం వదిలితే బయటి గాలిని లోపలికి పీల్చుకుంటుంది. "నేను మూశానని చెప్పకముందే కాలు కదిలిందా, ఇందాకటి పనంతా ఏట్లో కలిసినట్టే" అని ఆయన మొదట్లోనే చెబుతాడు. ఆ కుర్రాడు పెడల్ కింద ఒక చెక్కముక్క పెట్టుకుని తొక్కుతాడు. అదెందుకని అడిగాను. రోజువారీ తొక్కుడులో పిస్టన్ మాస్టర్ సిలిండర్‌లో సగం దూరమే వెళ్తుంది, ఆ మేర గోడ నునుపుగా ఉంటుంది. అంతకు ముందున్న భాగంలో ఏళ్ల తరబడి తడికి తుప్పు, మడ్డి పేరుకుంటాయి. గాలి తీసేటప్పుడు పెడల్ నేలకి తగిలేలా తొక్కితే రబ్బరు కప్పు అంచు ఆ గరుకు మీదికి వెళ్లి కోసుకుపోతుంది. పొద్దున్న బాగున్న సిలిండర్ సాయంత్రానికి పాడవుతుంది, ఎందుకో ఎవరికీ అర్థం కాదు. అడుగు మందం చెక్కముక్క కాదది, రెండంగుళాలదే. ఒక సిలిండర్ ఆయుష్షు దాని మీద ఆధారపడి ఉంది. ఈ పనిలో నాకు అన్నిటికన్నా నచ్చిన వివరం ఇదే.

ఇంకో జాగ్రత్త పైన ట్యాంకు. ఐదారు తొక్కుళ్లకోసారి పెద్దాయన లేచి వచ్చి ఆయిల్ మట్టం చూస్తాడు. ట్యాంకు అడుగంటితే మాస్టర్ సిలిండర్ గాలి మింగుతుంది, మళ్లీ మొదటికి రావాలి. ఒక్కో చక్రం దగ్గర బుడగలు ఆగిపోయాక కూడా ఆయన ఆపడు, గొట్టంలో నలుపు పోయి లేత తేనెరంగు వచ్చేదాకా లాగుతాడు. గాలి తీయడంతో సరిపెట్టుకోకుండా పాత తడి ఆయిల్‌ని పూర్తిగా బయటికి పంపడం ఆయన ఉద్దేశం. అయ్యాక నిపుల్‌ని బిగించడానికి చేతి బలమంతా వాడడు. పొట్టి స్పానర్, రెండు వేళ్లు. ఆ మర చిన్నది, శంకువు ఆకారపు మొన లోపల ఆని కూర్చుంటే చాలు. చివరగా దాని నెత్తిన రబ్బరు టోపీ. ఆ టోపీ ఎవరి బండికీ మిగలదు, మొదటిసారి విప్పినవాళ్లే పారేస్తారు. టోపీ లేని నిపుల్ రంధ్రంలోకి మట్టి, ఉప్పు చేరి మరోసారికి బిగుసుకుపోతుంది. ఆయన పాత టోపీలన్నీ ఒక డబ్బాలో దాచుకుంటాడు. నేనిప్పుడు ఏ బండి కిందికి తొంగి చూసినా ముందు ఆ టోపీ కోసం వెతుకుతున్నాను. అది ఉంటే ఆ బండి మంచి చేతుల్లో ఉందని నమ్మకం కుదురుతుంది.

క్లచ్ ఇంకా మొండిది. బ్రేకులో కాస్త గాలి ఉంటే పెడల్ మెత్తబడుతుంది, బండి ఎలాగో ఆగుతుంది. క్లచ్‌లో అంత వెసులుబాటు లేదు. స్లేవ్ సిలిండర్ కడ్డీ ఫోర్క్‌ని నెట్టాల్సిన దూరం సెంటీమీటరు పైచిలుకే, అందులో రెండు మిల్లీమీటర్లు తగ్గినా క్లచ్ ప్లేటు పూర్తిగా విడిపోదు. గేరు గరగరమంటుంది, మొదటి గేరులో పాదం నొక్కే ఉన్నా బండి ముందుకు పాకుతుంది. పెడల్‌ని రెండు మూడుసార్లు పంపు కొడితేనే గేరు పడే బండ్లు మన రోడ్ల మీద ఎన్నో. వాళ్లందరూ అలవాటు పడిపోయారు. ఆ లోపల గేరు పళ్లు అరుగుతూనే ఉంటాయి.

పైగా క్లచ్ పైపు పైనుంచి కిందికి దిగి, మధ్యలో ఒంపు తిరిగి స్లేవ్ దాకా వెళ్తుంది. గాలి సహజంగా పైకి తేలేది. మనం పెడల్ తొక్కి దాన్ని కిందికి తోస్తాం, పాదం వదిలిన క్షణం అది మళ్లీ పైకి పాకుతుంది. ఒంపు దగ్గర ఇరుక్కున్న బుడగ ఎంత తొక్కినా రాదు. పెద్దాయన ఇక్కడ పద్ధతి తిరగేస్తాడు. పశువుల మందుల షాపులో దొరికే పెద్ద సిరంజి కొత్తది తెచ్చి, కొత్త ఆయిల్ నింపి, గొట్టంలో గాలి లేకుండా చూసి, కింద స్లేవ్ నిపుల్‌కి తగిలించి, నెమ్మదిగా పైకి నెడతాడు. ఆయిల్ కింది నుంచి ఎక్కుతుంది, దాని ముందు గాలి తన దారినే పైకి పోతుంది. పై ట్యాంకులో ముందే కొంత ఆయిల్ తోడేసి చోటు చేసి ఉంచుతాడు, లేకపోతే పొంగి బంపరు దాకా కారుతుంది. ట్యాంకు దగ్గర నిలబడ్డ కుర్రాడు, "వస్తున్నాయ్ బాబాయ్, బుడగలు వస్తున్నాయ్" అని కేకేస్తాడు. గాలిని దాని స్వభావానికి ఎదురు తోయకుండా అది వెళ్లాలనుకున్న వైపే పంపడంలో ఉన్న తెలివి నన్ను ఎంతగానో ఆకట్టుకుంది. ఖరీదైన ప్రెషర్ బ్లీడరు చేసేది కూడా ఒత్తిడితో ఆయిల్ నెట్టడమే. ఈయన ఆ పనిని సిరంజితో, బొటనవేలి నిదానంతో చేస్తున్నాడు.

పరీక్ష కూడా ఆయనది కచ్చితమైనదే. ఇంజన్ ఐడిలింగులో ఉంచి, క్లచ్ పూర్తిగా తొక్కి, రెండు మూడు సెకన్లు ఆగి రివర్సు గేరు వేస్తాడు. చాలా బండ్లలో రివర్సుకి సింక్రోనైజరు ఉండదు కాబట్టి ప్లేటు కొంచెం తిరుగుతున్నా గేరు అరుస్తుంది. చప్పుడు లేకుండా జారిపడితే క్లచ్ విడిపోతోందని అర్థం.

ఇంతా చేసి పెడల్ మళ్లీ దిగిపోతుంటే రబ్బర్లు పోయాయి. కిట్టు మార్చాలి. సిలిండర్ విప్పి, లోపలి కప్పులు తీసి, గోడని వెలుతురుకి ఎత్తిపట్టి చూస్తాడు. వేలిగోరు తగిలే గుంట ఒక్కటున్నా కిట్టు జోలికి పోడు, సిలిండరే మారుస్తాడు. గుంటల గోడ మీద కొత్త రబ్బరు నెలలు కూడా ఆగదు. బాగుంటే లోపలంతా శుభ్రం చేసేది కొత్త బ్రేక్ ఆయిల్‌తోనే. ఇక్కడే చాలా షెడ్డుల్లో పని చెడుతుంది. చేతికి దగ్గరగా ఉన్న డీజిల్‌తోనో కిరోసిన్‌తోనో కడిగేస్తారు. మురికి భలేగా వదులుతుంది. కానీ బ్రేకు రబ్బరు గ్లైకాల్‌కి తగ్గట్టు చేసింది, పెట్రోలియం నూనె తగిలితే ఉబ్బిపోతుంది. ఉబ్బిన కప్పు మాస్టర్ సిలిండర్‌లో ఆయిల్ వెనక్కి తిరిగొచ్చే సన్నటి రంధ్రాన్ని మూసేస్తుంది. బ్రేకు వదలదు, చక్రం పట్టేసి కాలుతుంది. బిగించాక పెడల్ కడ్డీకీ పిస్టన్‌కీ మధ్య మిల్లీమీటరు పాటి ఆట ఉందో లేదో ఆయన చూసేది కూడా ఆ రంధ్రం తెరుచుకుని ఉండటం కోసమే.

బాపట్లలో చిక్కు వేరు. ఆయన బావమరిది బండి సూర్యలంక వైపు తిరిగేది. సముద్రపు గాలి, తడి ఇసుక. వెనక యాక్సిల్ వైపు వెళ్లే ఇనుప పైపు పైకి చక్కగా నల్లగా ఉంది, ఛాసిస్‌కి పట్టించిన క్లిప్పు విప్పితే దాని కింద పొరలు పొరలుగా రాలింది. ఉప్పునీరు నిలిచేది క్లిప్పు కిందే. ఘాటు రోడ్లు లేని ఈ పల్లపు సీమలో బ్రేకుకి రోజువారీ శత్రువు వేడి కాదు, తడీ ఉప్పూ. ఆ పైపుని ఊడదీసి, వంకరలు చెడకుండా తెనాలి తీసుకెళ్లి, అదే నమూనాగా కొత్తది చేయించారు. మామూలుగా ఈ పైపుల మందం 4.75 మిల్లీమీటర్లు. కొస సమంగా కోసి, లోపలి బరుకు తీసి, నట్టు ముందు ఎక్కించుకుని ఆ తర్వాత కొసని రెండు మడతలుగా ఫ్లేరు చేయాలి. ఒంటి మడత ఫ్లేరు ఈ ఒత్తిడికి చీలుతుంది. మెత్తగా వంగుతుందని ఫ్రిజ్జు పనివాళ్ల రాగి గొట్టం వేసేవాళ్లున్నారు. అదురుకి రాగి గట్టిపడి ఒకరోజు పగులుతుంది. రాగీ నికెలూ కలిసిన మిశ్రమ పైపు తుప్పు పట్టదు, అది దొరికితే సముద్రం పక్క బండికి మేలు. ఆ తెనాలి పనివాడు ఫ్లేరు పనిముట్టు తిప్పి, తీసిన కొసని గోరుతో చుట్టూ తడిమి, నచ్చక కోసేసి మళ్లీ చేశాడు. అడిగినవాళ్లు ఎవరూ లేరు.

ఇంట్లో చేయదగ్గ పనికి హద్దులూ ఉన్నాయి. కొన్ని కొత్త కార్లలో స్లేవ్ సిలిండర్ గేరుబాక్సు లోపలే, షాఫ్టు చుట్టూ ఉంటుంది. అది కారితే గేరుబాక్సు దించాలి. ఏబీఎస్ యూనిట్‌లోకి గాలి పోతే చాలా బండ్లకి స్కానరు తగిలించి లోపలి వాల్వులు ఆడించాలి, పాదంతో తీరదు. బరువుని బట్టి వెనక బ్రేకు తగ్గించే వాల్వు ఉన్న బండ్లకి, ఐమూలగా రెండు సర్క్యూట్లున్న కార్లకి చక్రాల వరస వేరుగా ఉండొచ్చు, కంపెనీ పుస్తకం చూడాల్సిందే. పెద్దాయన అలాంటి బండిని ముట్టుకోడు, ఎక్కడికి తీసుకెళ్లాలో చెప్పి పంపిస్తాడు. చేతనైనదానికీ కానిదానికీ మధ్య గీత అంత స్పష్టంగా తెలిసి ఉండటాన్ని కూడా నేను పనితనంలో భాగంగానే చూస్తాను.

వాడేవాళ్లకి ఆయిల్ సంగతి ఎందుకు పట్టాలో కూడా చెప్పాలి. రేపల్లె నుంచి బాపట్ల, తెనాలి నుంచి గుంటూరు, అంతా చదునైన దారి. పాత ఆయిల్‌తో ఏళ్ల తరబడి తిరిగినా తేడా తెలియదు. ఏ శివరాత్రికో ఇంటిల్లిపాదీ ఎక్కి శ్రీశైలం వెళ్తారు. తిరుగు దారిలో దోర్నాల వైపు ఘాటు దిగేటప్పుడు మలుపు మలుపుకీ బ్రేకు. డిస్కులు కాలుతాయి, ఆ వేడి కాలిపర్‌లోని ఆయిల్‌కి చేరుతుంది. తడి చేరిన ఆయిల్ అక్కడ మరుగుతుంది, మరిగితే పుట్టేది ఆవిరి, అంటే మళ్లీ బుడగే. ఇంట్లో బయల్దేరినప్పుడు రాయిలా ఉన్న పెడల్ ఆ మలుపులో ఖాళీగా కిందికి పోతుంది. అందుకే చాలా కంపెనీలు రెండేళ్లకోసారి ఆయిల్ మార్చమంటాయి, బండి ఎంత తక్కువ తిరిగినా సరే. ఘాటు దిగేటప్పుడు చిన్న గేరులో దిగండి, బ్రేకు మీద పాదం ఆనించి ఉంచకండి.

రేపు పొద్దున్న మీ బండి బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ ట్యాంకు చూడండి. మూత చుట్టూ దుమ్ము తుడిచాకే మూత తీయండి. ఆయిల్ కాఫీ రంగుకి తిరిగి ఉంటే, లేదా చివరిసారి ఎప్పుడు మార్చారో గుర్తు లేకపోతే మార్పించండి. మార్చిన తేదీ ఒక టేపు మీద రాసి ట్యాంకుకి అంటించండి. మీరే చేసుకోదలిస్తే మొదటిసారి తెలిసినవాళ్లని పక్కన పెట్టుకుని చేయండి. అయ్యాక పెడల్ తొక్కి పట్టుకుని ఇంజన్ స్టార్టు చేసి, అర నిమిషం గట్టిగా నొక్కి ఉంచి, ప్రతి జాయింటునీ పొడి కాగితంతో తుడిచి తడి ఉందేమో చూడండి. ఇంజన్ అందుకోగానే పెడల్ కొద్దిగా దిగడం బూస్టరు పని, దానికి భయపడక్కర్లేదు. ఆ తర్వాత కూడా దిగుతూనే ఉంటే మాత్రం బండిని గేటు దాటించకండి, మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి.